నాన్న చాకు లాంటిది ఎక్కడ దొరుకుతుంది?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరి వివరాలూ వేయొద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆవిడకి నలభై మూడేళ్లు. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు, రోజూ మెట్రోలో వెళ్లొస్తారు. పుట్టిల్లు నూజివీడు దగ్గర పల్లె. నాన్నగారు మామిడి రైతు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక మడత చాకు ఉండేది. బంగినపల్లి కాయ కోసి లోపల రంగు తిరిగిందో లేదో చూడాలన్నా, అంటు కట్టాలన్నా, పురికొస తెంపాలన్నా, పిల్లలకి తేగ చీల్చివ్వాలన్నా అదే. రెండేళ్ల కిందట ఆయన పోయారు. పంపకాల్లో ఆవిడ ఆ చాకు తప్ప ఏమీ అడగలేదు. అన్నయ్య ఇచ్చారు. సెలవు రోజుల్లో, ఊరెళ్లేటప్పుడు హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకునేవారు.

కిందటేడు బెంగళూరులో పెళ్లికి వెళ్తుంటే విమానాశ్రయంలో స్కానర్ దగ్గర అది బయటపడింది. “వెనక్కి వెళ్లి లగేజీలో వేసుకోండి, లేదా ఇక్కడ వదిలేయండి” అన్నారు. టైమ్ లేదు. డబ్బాలో వేసి వెళ్లిపోయారు. ఆ సంగతి అన్నయ్యకి ఇంతవరకూ చెప్పలేదు.

అప్పట్నుంచి ఆవిడకి ఒకటే పట్టుదల: ఇక చచ్చేదాకా తన దగ్గర ఉండి, తర్వాత కూతురికి వెళ్లే చాకు ఒక్కటి కావాలి. పదకొండు నెలలుగా రాత్రిళ్లు ఉక్కు రకాల మీద వీడియోలు చూస్తున్నారు. నాలుగు కొన్నారు. కత్తెర ఉన్న ఎర్ర స్విస్ చాకు, చెక్క పిడి ఉన్న ఫ్రెంచి ఒపినెల్ ఎనిమిదో నంబరు, తెరిస్తే దానంతటది మూసుకోకుండా బిగుసుకునే బాగా ఖరీదైన లాక్ చాకు ఒకటి, ఊళ్లో కమ్మరితో చేయించుకున్నది ఒకటి. రెండు ఆఫీసు సొరుగులో, రెండు బీరువాలో చీరల కింద ఉన్నాయి. ఏదీ ‘ఇదే’ అనిపించలేదట. ఒకటి కనపడినప్పుడు భర్త “ఆడదానివి, బ్యాగులో కత్తేంటి, ఎవర్ని పొడవడానికి?” అన్నారు. ఆఫీసులో ఒకమ్మాయి “సేఫ్టీ కోసమైతే పెప్పర్ స్ప్రే కొనుక్కోండి మేడమ్” అంది. కూతురు ఇంటర్, ఇంగ్లండ్‌లో పైచదువు అంటోంది.

ప్రశ్న: “ఈ నాలుగింటిలో ఏది ఉంచుకోను? లేక ఐదోది వెతకనా?”

ఉత్తరం అయిపోయాక, సంతకం కింద మూలగా ఒక ముక్క రాశారు: “మొన్న ఫోన్లో మాటల మధ్య నాన్న చాకు ప్రస్తావన వస్తే మా అమ్మ ‘ఏది, ఆఖర్నున్నదా? అది మూడోది కదే’ అంది. నాకేం అర్థం కాలేదు.”

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ చివరి ముక్కే. అయినా అక్కడికి తర్వాత వస్తాను, ముందు ఇంకో సంగతి.

మీరు కొన్న నాలుగు చాకుల గురించి ఒకటిన్నర పేజీ రాశారు. ఏది ఎన్ని మిల్లీమీటర్లు, ఏ ఉక్కు, రాక్‌వెల్ స్కేలు మీద ఎంత గట్టిదనం, అన్నీ ఉన్నాయి. వాటితో ఏం కోశారన్నది మాత్రం ఒకే ఒక్క చోట ఉంది: కొరియర్ డబ్బా. ఆ డబ్బాలో వచ్చింది తర్వాతి చాకు! నాన్నగారి చాకు దగ్గరికి వచ్చేసరికి మొత్తం తలకిందులు. అది ఎంత పొడుగో, ఎక్కడి తయారీయో, పిడి కొమ్ముదో చెక్కదో ఒక్క ముక్క లేదు. మామిడికాయ ఉంది, అంటు ఉంది, పురికొస ఉంది, తేగ ఉంది. ‘ఇదే’ అనిపించకపోవడానికి నాకు ఇంతకన్నా పెద్ద కారణం కనపడలేదు. సొరుగులో ఉన్న చాకు ఎవరికీ ‘ఇదే’ అనిపించదు.

ఇప్పుడు అమ్మగారి మాట. అది మూడోదే అయ్యుంటుంది, నాకేం ఆశ్చర్యం లేదు. మామిడి అంటుకి కొమ్మ ఒక్క గీతలో నున్నగా తెగాలి, గరుకు తేలితే అంటు పట్టదు. అలాంటి పనికి వాడే చాకుని మీ నాన్నగారు పదే పదే సానరాయి మీద పెట్టే ఉంటారు. పెట్టిన ప్రతిసారీ కాస్త ఉక్కు రాయికి పోతుంది. ఇరవై ఏళ్లకి అలుగు, అంటే కోసే రేకు, సన్నబడి పుల్లలా అవుతుంది, తర్వాత ఒకరోజు విరుగుతుంది. విరక్కపోతే బావిలో పడుతుంది, ఎవరికో అరువిస్తే తిరిగిరాదు. రైతు ఇంట్లో చాకు అంటే అంతే, పలుగు పారలాగే. అరిగితే ఇంకోటి. మీకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన జేబులో చాకు ఉంది కాబట్టి అది ఒకటేననుకున్నారు. నిజానికి మీకు గుర్తున్నది ఆయన జేబు.

మూడోదే కదా, పోతే పోయిందని నేననడం లేదు. ఆ చివరిదాని పిడి ఆయన బొటనవేలికి అరిగింది, అది కొనుక్కుంటే దొరకదు. కానీ ఒక చాకుని చచ్చేదాకా పోగొట్టుకోకుండా కాపాడాలన్న పరీక్ష ఆయన ఎప్పుడూ రాయలేదు. మీరు మీకు మీరే పెట్టుకున్నారు, పైగా మొదటి ఏడాదే తప్పానని కుమిలిపోతున్నారు.

అన్నయ్యగారికి చెప్పడమా మానడమా అన్నది మీరు అడగలేదు గానీ రెండు చోట్ల ఆ సంగతే రాశారు. చెప్పకపోతే ఏమవుతుంది? పెద్దగా ఏం కాదు, ఏ సంవత్సరీకానికో అందరూ కూర్చున్నప్పుడు “ఏదమ్మా, నాన్న చాకు ఓసారి చూపించు” అంటారు. అప్పుడు అబద్ధం చెప్పాలి, లేదా పదిమంది ముందు నిజం చెప్పాలి. ఇప్పుడు చెప్తే ఆయన నొచ్చుకుంటారు, ఒకట్రెండు మాటలు అనొచ్చు కూడా. చాకు కోసం కొంచెం, ఏడాది దాచినందుకు ఎక్కువ. ఆలస్యమైన కొద్దీ ఆ రెండోదే పెరుగుతుంది. ఇంకో పద్ధతి, ముందు అమ్మగారికి చెప్పడం. ఆవిడ దగ్గర మూడు చాకుల కథా ఉంది కాబట్టి ఇది ఆవిడకి మీకంత పెద్దగా కనపడకపోవచ్చు. కాకపోతే అమ్మ ద్వారా అన్నయ్యకి తెలిస్తే “నాతో చెప్పలేకపోయావా” అన్న మాట పడాల్సి వస్తుంది. మీ ఇంట్లో మనుషుల సంగతి మీకు తెలుసు. నేనైతే అన్నయ్యకే ఫోన్ చేస్తాను.

ఇక మీ నాలుగు చాకుల దగ్గరికి. వాటికన్నా ముందు మీ దారి చూడాలి.

మీరు రోజూ మెట్రో ఎక్కుతారు. అక్కడ బ్యాగు స్కానర్‌లోకి వెళ్తుంది, చాకు కనపడితే ఆపుతారు. విమానంలో చేతి సంచిలో చాకు కుదరదు, ఎంత చిన్నదైనా సరే. లగేజీలో అయితే వేసుకోవచ్చు. రూల్ ఎప్పుడో సడలుతుందని ఎదురుచూడకండి. అమెరికాలో 2013లో ఆరు సెంటీమీటర్లలోపు చిన్న చాకుల్ని విమానంలోకి రానిస్తామని మార్చిలో ప్రకటించి, విమాన సిబ్బంది గొడవ చేస్తే జూన్‌కల్లా వెనక్కి తీసుకున్నారు. చట్టం సంగతంటారా, మన ఆయుధాల నిబంధనల్లో లైసెన్సు ప్రస్తావన తొమ్మిదంగుళాల కన్నా పొడుగో, రెండంగుళాల కన్నా వెడల్పో ఉన్న కత్తులకి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి అందులోకి రావు. మీవేవీ దాని దరిదాపుల్లో లేవు. అయినా ఎన్నికలప్పుడు, పెద్ద పండగలప్పుడు పోలీసులు విడిగా ఆంక్షలు పెడతారు. ఊరేగింపు దారిలో బ్యాగు తెరిపించిన కానిస్టేబుల్‌కి మీరు తొమ్మిదంగుళాల పాఠం చెప్పలేరు.

అంటే వారంలో ఐదారు రోజులు మీ బ్యాగులో చాకు ఉండే వీల్లేదు. ‘ఎప్పుడూ నా దగ్గర ఉండే ఒక్క చాకు’ అన్న మీ కోరికలో ‘ఎప్పుడూ’ అన్నది ముందే పోయింది. దీన్ని ఒప్పుకోకుండా ఎన్ని కొన్నా స్కానర్ దగ్గర మళ్లీ అదే కథ. మీకు మూడు దారులు కనపడుతున్నాయి నాకు. ఒకటి, చాకుకి ఒక సంచి కేటాయించడం: ఊరెళ్లే సంచి, మెట్రోకీ విమానాశ్రయానికీ ఎప్పుడూ రానిది. చాకు అందులోనే పుట్టి అందులోనే పెరగాలి. రెండోది, ఇంట్లోనే ఉంచుకోవడం. బాల్కనీలో కుండీలున్నాయన్నారు, వంటిల్లుంది, అక్కడే దానికి పని దొరుకుతుంది. మూడోది, మెట్రో మానేసి స్కూటీ మీద వెళ్లడం. నవ్వకండి, చాకు కోసం అలా చేసిన మగవాళ్లు నాకు తెలుసు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో అంత ప్రేమ నేను సిఫారసు చేయను.

ఇప్పుడు చాకులు. ఖరీదైన లాక్ చాకు విషయం త్వరగా తేల్చేస్తాను. ఆ గట్టి ఉక్కు పదును చాలాకాలం నిలుస్తుంది, నిజమే. పోయాక మాత్రం మామూలు సానరాయి దాన్ని గోకుతుంది తప్ప పదును పెట్టదు, డైమండ్ ప్లేటు, అంటే వజ్రపు పొడి అద్దిన సానపలక, కావాలి. వీధిలో సైకిల్ చక్రం మీద సానపట్టే ఆయనకి ఇచ్చారో, ఆ వేడికి అంచు నీలంగా మారి పస పోతుంది. (ఆ మాటకొస్తే ఏ మంచి చాకూ ఆ చక్రానికి ఇవ్వకండి.) పైగా అది ఒంటిచేత్తో టక్కున తెరుచుకునేది. మీ ఆయన భయపడింది దాన్ని చూసే అయ్యుంటుంది. మన సినిమాల్లో రామ్‌పురి చాకు తెరుచుకునే చప్పుడు వినని వాళ్లెవరు! అమ్మేయగలిగితే అమ్మేయండి.

ఒపినెల్ నాకు ఇష్టమైన చాకు, కాబట్టి నా మాట కాస్త తగ్గించి వినండి. ఫ్రాన్సులో సావోయ్ కొండ ప్రాంతపు రైతుల కోసం జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసినది. చెక్క పిడి, ఒక అలుగు, పైన తిప్పే ఉంగరం లాంటి లాక్. ఆ ఉంగరం 1955లో చేరింది. మీ నాన్నగారు బతికుంటే నాలుగింటిలో దీన్నే చేతిలోకి తీసుకునేవారని నా అనుమానం. ఇబ్బందులూ ఉన్నాయి. వానాకాలంలో చెక్క ఉబ్బి అలుగు బయటికి రాదు. సావోయ్ వాళ్లు పిడి చివరని బల్ల మీద టక్కున కొడితే అలుగు కొస బయటికొస్తుంది, అప్పుడు లాగుతారు. మీది కార్బన్ ఉక్కు రకం అని రాశారు. పుల్లమామిడి, నిమ్మకాయ, చింతకాయ ఏది కోసినా నల్లబడుతుంది. మొదట్లో కాయకి కూడా ఇనుము వాసన అంటుతుంది. కోసిన వెంటనే కడిగి తుడవకపోతే తుప్పు. నాన్నగారు కోయడం అవగానే పంచెకి తుడిచేవారని రాశారు చూడండి, అది అలవాటే కావచ్చు, ఆయన చాకు కూడా ఈ జాతిదే కావచ్చు. కొన్నాళ్లకి ఆ నలుపు వంకాయ రంగు తిరిగి ఒక పొరలా నిలుస్తుంది. తుడిచే ఓపిక ఉన్నవాళ్లకి ఇంతకన్నా హాయైన చాకు లేదు, లేనివాళ్లకి నెలలో పాడవుతుంది. మీరు ఏ రకమో మీకే తెలియాలి. సింకులో రాత్రంతా గిన్నెలు ఉంచే అలవాటుంటే వద్దు.

స్విస్ చాకు గురించి మీరు “అందరి దగ్గరా ఉండేదే కదా” అని ఒక్క వాక్యంలో కొట్టేశారు. దానికి అన్యాయం చేశారు. స్విట్జర్లాండ్‌లో ఇబాక్ అనే ఊళ్లో కార్ల్ ఎల్సెనర్ 1884లో కత్తుల పని మొదలుపెట్టి, 1891లో సైన్యానికి చాకులు ఇచ్చాడు. 1909లో వాళ్లమ్మ విక్టోరియా చనిపోతే సరుకుకి ఆమె పేరే పెట్టుకున్నాడు. 1921లో తుప్పు పట్టని ఉక్కు వచ్చాక, ఆ ఉక్కుకి ఫ్రెంచిలో పొట్టిపేరైన ‘ఇనాక్స్’ తగిలించి విక్టోరినాక్స్ చేశారు. అమ్మ పేరు చాకు మీద వేసుకున్న మనిషిని మీరు అర్థం చేసుకోగలరు.

పని సంగతికొస్తే, దాని అలుగు గట్టిదనం రాక్‌వెల్ స్కేలు మీద 56 దాకా ఉంటుంది. మీరు చూసే వీడియోల్లో ఈ అంకె విని పెదవి విరుస్తారు. నాకది సుగుణం. మామూలు సానరాయి మీద పది నిమిషాల్లో పదునెక్కుతుంది. రాయి లేకపోతే పింగాణీ కప్పు తిరగేసి అడుగున గరుకు అంచు మీద మెల్లగా నాలుగుసార్లు లాగినా సరిపోతుంది. దానికి లాక్ ఉండదు, లోపలి పట్టీ బిగువే అలుగుని నిలబెడుతుంది. మొనతో పొడిచి నెడితే వేళ్ల మీదికి మూసుకుంటుంది, అది గుర్తుంచుకోవాలి. కాయ కోయడానికి, తాడు తెంపడానికి లాక్ అక్కర్లేదు.

ఆ లాక్ లేకపోవడమే మీ అమ్మాయి విషయంలో పనికొస్తుంది. ఇంగ్లండ్‌లో కారణం చెప్పక్కర్లేకుండా జేబులో ఉంచుకోగలిగేది మడిచే చాకు, లాక్ లేనిది, కోసే అంచు మూడంగుళాలు దాటనిది మాత్రమే. మీ స్విస్ చాకు ఆ లెక్కలోకి వస్తుంది. ఒపినెల్ ఎనిమిదో నంబరు అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, పైగా లాక్, కాబట్టి రాదు. చిన్నదైనా ‘ఎవరైనా మీదికొస్తే ఉంటుందని’ అంటే మాత్రం అక్కడ నేరం. అమ్మాయికి ఇచ్చేటప్పుడు ఈ మాట చెప్పి ఇవ్వండి. ప్రయాణానికి లగేజీలోనే.

కమ్మరి చేసిన దాని గురించి నాకు తక్కువ తెలుసు, మీరు ఉత్తరంలో కూడా తక్కువే రాశారు. లారీ కమాను పట్టీతో చేశాడన్నారు. అది మంచి ఉక్కే, మన కమ్మరులు కొడవళ్లకి, కత్తులకి వాడేదే. కీలు వదులైతే మళ్లీ ఆయన దగ్గరికే తీసుకెళ్లి రివిట్ బిగించుకోవచ్చు. స్విట్జర్లాండ్‌కి పంపక్కర్లేదు. బరువెక్కువ అని మీ ఫిర్యాదు. తోటలో బరువు తెలియదు, అమ్మగారి ఇంట్లో వదిలేసి వచ్చి చూడండి.

నన్నడిగితే ఇప్పుడే తేల్చొద్దు. చీరల కింద ఉన్నవీ సొరుగులో ఉన్నవీ తీసి వంటింటి గట్టు మీద పెట్టండి. పదిహేను రోజులు కూరగాయల కత్తి జోలికి వెళ్లకుండా వీటితోనే కోయండి: జామకాయ, పాల ప్యాకెట్టు, కుండీలో ఎండు కొమ్మ, చీపురు కట్టిన తాడు. ఏ రోజు ఏది చేతికొచ్చిందో గోడ క్యాలెండర్ మీద ఒక అక్షరం రాసుకోండి. అకౌంట్స్ మనిషి కదా, ఆఖరుకి లెక్క మీకే తేలుతుంది. ఒకటే చేతికొస్తుంటే అది మీది. ఇంట్లో ఒకటి, ఊళ్లో ఒకటి అని తేలినా తప్పు లేదు. ఏదీ చేతికి రాకపోతే అసలు మీకు చాకు అక్కర్లేదేమో, అది కూడా తెలియాల్సిన సంగతే. అప్పుడు ఐదోది వెతకడం దండగ.

గట్టు మీద పెట్టడంలో ఇంకో లాభం ఉంది. మీ ఆయన మాట మోటుగా ఉంది, ‘ఆడదానివి’ అన్న భాగానికి మీరు బదులివ్వాల్సిందే. కూరలు కోసే కత్తీ కత్తిపీటా ఇంట్లో ఎవరి చేతిలో ఉంటాయో ఆయన్నే అడగండి. కానీ దాచిన కత్తి ఎవరినైనా కంగారు పెడుతుంది, దాచిన డబ్బు ఇంకా ఎక్కువ. ఆ లాక్ చాకు ఖరీదు ఆయనకి చెప్పలేదని రాశారు. అది చెప్పడం మీకు కష్టంగా ఉంటుంది. చెప్పకుండా మిగతా మూడూ బయటపెడితే ఆ నాలుగోది ఇంకా లోతుగా దాగుతుంది. నాన్నగారి చాకు డబ్బాలో వేసి వచ్చిన రోజు మీకెలా ఉందో మీ ఆయనకి తెలుసా? ఉత్తరంలో ఎక్కడా ఆయనకి చెప్పినట్టు లేదు.

సేఫ్టీ అన్న ఆ అమ్మాయికి మాత్రం జవాబు చెప్పక్కర్లేదు. పండు కోసే చాకు ఆపదలో ఆదుకోదు. తెరిచేలోపు లాక్కుంటారు, లేదా మన వేళ్లే తెగుతాయి. మీరు ఆ ఉద్దేశంతో కొనలేదు కాబట్టి అక్కడితో వదిలేద్దాం.

ఏది ఉంచుకున్నా కీలులో అప్పుడప్పుడు ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, పొంగింది తుడిచేయండి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకి జిగురుగా తయారవుతుంది.

ఇంకో దారి కూడా ఉంది, అది మీ నాలుగింటిలో లేదు. ఆ మూడోది నాన్నగారు ఎక్కడ కొన్నారో అమ్మగారికి గుర్తుండొచ్చు. ఏ సంతలోనో, ఏ కమ్మరి దగ్గరో. అన్నయ్యగారికి సంగతి చెప్పేశాక, ఈసారి ఊరెళ్లినప్పుడు ఇద్దరూ కలిసి అక్కడికి వెళ్లి చూడండి. ఆ దుకాణం ఉండొచ్చు, మూతపడి ఉండొచ్చు. ఉంటే వంద రెండొందల్లో నాలుగోది దొరకొచ్చు. శనివారం మాత్రం పెట్టుకోకండి, ఇనుము కొంటామంటే అమ్మగారు గడప దాటనివ్వరు.